ఇంటి ఓనరు ప్లగ్గు ఇవ్వనంటున్నారు: ఈవీనా, హైబ్రిడ్డా?

పైడిభీమవరం_షిఫ్ట్
ఉండేది శ్రీకాకుళంలో, ఉద్యోగం పైడిభీమవరం దగ్గర ఒక ఫార్మా యూనిట్‌లో. రోజుకి రానూ పోనూ 70 కిలోమీటర్లు, దాదాపు అంతా హైవే. నెలకి 25 రోజులు తిరుగుతాను. పాత డీజిల్ కారు ఇక లాగడం లేదు, అమ్మేస్తున్నాను. కొత్తది 18 లక్షలు దాటకూడదు.
ఈవీ కొందామనుకుంటే ఇంటి ఓనరు ఒప్పుకోవడం లేదు. "రాత్రంతా కారుకి కరెంటు పెట్టి పడుకుంటే ఇల్లు అంటుకుంటుంది" అంటారు. సరే, పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ చూద్దామని షోరూంకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు "ఇది దానంతటదే ఛార్జ్ అయిపోతుంది సార్, ప్లగ్గే అక్కర్లేదు" అన్నాడు. కరెంటు ఎక్కణ్ణించి వస్తుంది బాబూ అని అడిగితే "చక్రాల్లోంచి సార్" అన్నాడు. చక్రాల్లోకి ఎలా వస్తుందని అడిగేసరికి మేనేజర్ని పిలుచుకొచ్చాడు. ఆయన కాఫీ ఇప్పించాడు గాని జవాబు ఇవ్వలేదు.
తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి. మైల్డ్ అంటారు, స్ట్రాంగ్ అంటారు, ప్లగ్-ఇన్ అంటారు. ఇదేమన్నా టీయా?

ఆమదాలవలస_చెరుకు
స్ట్రాంగ్ టీ అంటే పాలు తక్కువ, స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటే జేబులో మిగిలేది తక్కువ.

ఏపీ30_పాతనంబరు
చక్రాల్లోంచి కరెంటు రావడం అబద్ధం కాదు, సగం నిజం. బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటరుగా మారి బండి వేగాన్ని కరెంటు చేస్తుంది. ఆ వేగం వచ్చింది మాత్రం పెట్రోలు నుంచే. ప్లగ్గు లేని హైబ్రిడ్‌లో ప్రతి యూనిట్టూ బంకులో కొన్నదే. వృథా అయ్యేదాంట్లో కొంత వెనక్కి తీసుకుంటుంది, అంతవరకే.
మైల్డ్ అంటే మోటారు ఒక్కటే బండిని లాగలేదు. ఇంజనుకి చెయ్యి సాయం చేస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్ని చప్పుడు లేకుండా లేపుతుంది. స్ట్రాంగ్ అయితే ఊళ్ళో నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను ఆపేసి మోటారు మీదే నడుస్తుంది. కాని దాని బ్యాటరీ చాలా చిన్నది. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లో ఒక యూనిట్ కూడా పట్టదు, 0.76 కిలోవాట్ అవర్ (కిలోవాట్ అవర్ అంటే యూనిట్టే). నెక్సాన్ ఈవీలో పెద్ద బ్యాటరీ 45. తేడా చూసుకో.

నాగావళి_ఒడ్డున
నేను స్ట్రాంగ్ హైబ్రిడ్ వాడుతున్నాను, రెండేళ్ళయింది. ఊళ్ళో 24 దాకా ఇస్తుంది, హైవేలో 21. డేఅండ్‌నైట్ జంక్షన్ నుంచి ఏడు రోడ్ల జంక్షన్ దాకా చాలాసార్లు ఇంజను లేవకుండానే వచ్చేస్తాను. ప్లగ్గు గొడవ లేదు, చార్జర్ దొరుకుతుందా లేదా అనే టెన్షన్ లేదు. మీకు ఇదే కరెక్ట్ అని నా ఉద్దేశం.

ఏపీ30_పాతనంబరు
@నాగావళి_ఒడ్డున, మీ మాటలోనే జవాబు ఉందండీ. ఊళ్ళో 24, హైవేలో 21. మామూలు బండికి ఇది తిరగబడుతుంది, ఊళ్ళో 13, హైవేలో 18. హైబ్రిడ్ గొప్పంతా ఆగి, కదిలి, మళ్ళీ ఆగే చోట. ఈయన తిరిగేది హైవే మీద.
లెక్క వేద్దాం. నెలకి 1750 కిలోమీటర్లు. లీటరు 110 అనుకోండి. 18 ఇచ్చే బండికి 97 లీటర్లు, 21 ఇచ్చే హైబ్రిడ్‌కి 83. నెలకి మిగిలేది 14 లీటర్లు, అంటే పదిహేను వందల చిల్లర. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి పైన పెట్టేది రెండున్నర లక్షలైతే అది తిరిగి రావడానికి పదమూడేళ్ళు పైనే.

నాగావళి_ఒడ్డున
అన్నీ డబ్బుతోనే చూస్తారా? ఆ నిశ్శబ్దానికి విలువ లేదా?

బొబ్బిలి_బంగారం
ఆ నిశ్శబ్దం మా ఊళ్ళో పనికిరాదు. మా బావ ఈవీ తెచ్చాడు. రోడ్డు మీద ఆవు వెనకాల పది నిమిషాలు నిలబడ్డాడు. అది కారు వచ్చిందనే అనుకోలేదు. చివరికి దిగి "హై హై" అన్నాడు.

ఉద్దానం_కొబ్బరి
కరెంటు కారు మాట ఎత్తేవాళ్ళంతా తిత్లీ తుపాను గుర్తు పెట్టుకోండి. 2018 అక్టోబర్. మా ఊళ్ళో కరెంటు వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. కొబ్బరి చెట్లు పోయాయి, జీడి తోటలు పోయాయి, స్తంభాలన్నీ నేల మీద. ఆ రోజుల్లో ఈవీ ఉంటే కోళ్ళగూడుగా పనికొచ్చేది.

సోంపేట_మాస్టారు
తమ్ముడూ, ఆ రోజుల్లో పెట్రోలు ఎక్కడ కొట్టించావు? బంకులో పంపు కూడా కరెంటుతోనే తిరుగుతుంది. జనరేటరు ఉన్న బంకు దగ్గర సీసాలు పట్టుకుని నిలబడ్డ వరసలో నేనూ ఉన్నాను. నా ముందున్నాయన ఐదు లీటర్ల నూనె డబ్బా తెచ్చుకున్నాడు, వాళ్ళు రెండు లీటర్లే పోశారు.
ఇంకో సంగతి. ఇప్పుడొచ్చే కొన్ని ఈవీల్లో కారు నుంచి బయటికి కరెంటు తీసుకునే ఏర్పాటు ఉంది, వీటూఎల్ అంటారు. తుపాను కబురు రాగానే నిండా ఛార్జ్ పెట్టుకుంటే రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, సెల్‌ఫోన్లు కొన్ని రోజులు నడుస్తాయి. ముప్ఫై యూనిట్ల బ్యాటరీ అంటే చిన్న ఇంటికి వారం సరుకు.

ఉద్దానం_కొబ్బరి
ఆ నూనె డబ్బా మనిషి మా మావయ్యేమో అని అనుమానం. సరే, బంకు సంగతి ఒప్పుకుంటాను. కాని మా దగ్గర మామూలు రోజుల్లో కూడా లో వోల్టేజీ. ఎండాకాలం సాయంత్రం 180 వోల్టులకి పడిపోతే చార్జరు ఎర్ర లైటు వేసి ఊరుకుంటుంది.

పైడిభీమవరం_షిఫ్ట్
సోంపేట మాస్టారూ, మా అత్తారు మీ దగ్గరే. ఇక్కణ్ణించి 110 కిలోమీటర్ల పైన. పండక్కి వెళ్తే మధ్యలో ఛార్జ్ పెట్టుకోవాలా?

సోంపేట_మాస్టారు
ఇప్పుడొచ్చే బండ్లు ఏవైనా ఒక దఫాలో వచ్చేస్తాయి. కాగితం మీద 315 అని రాసినది హైవేలో 200 ఇచ్చినా చాలు. తిరుగు ప్రయాణానికి అత్తారింట్లో ప్లగ్గు పెట్టించమనండి. ఈ రోజుల్లో అల్లుడికి మర్యాద అంటే పదిహేను ఆంప్స్ పవర్ ప్లగ్గే.

ఆమదాలవలస_చెరుకు
కట్నం లిస్టులో ఎర్తింగ్ కూడా చేర్చాలి అయితే.

లోకో_తాత
నేను విజయనగరంలో రిటైరైన లోకో పైలట్‌ని. కార్ల గురించి పెద్దగా తెలియదు, ఇంజన్ల గురించి తెలుసు. ఈ హైబ్రిడ్ కొత్తదేం కాదు నాయనా. మీరంతా చిన్నప్పుడు ఎక్కిన డీజిల్ రైలు ఇదే.
ఆల్కో ఇంజను, డబ్ల్యూడీఎం-2, 2600 హార్స్‌పవర్. ఆ డీజిల్ ఇంజనుకీ చక్రానికీ మధ్య గేరుబాక్సూ లేదు, షాఫ్టూ లేదు. ఇంజను జనరేటర్ని తిప్పుతుంది, ఆ కరెంటు ఇరుసుల దగ్గరున్న ట్రాక్షన్ మోటార్లకి వెళ్తుంది, మోటార్లు చక్రాల్ని తిప్పుతాయి. వేల టన్నుల గూడ్సుని నిలబడ్డ చోట నుంచి కదపాలంటే క్లచ్చు, గేర్లు తట్టుకోలేవు. మోటారుకి ఆ బాధ లేదు, సున్నా వేగంలోనే దాని బలమంతా ఉంటుంది. కార్లలో దీన్నే సిరీస్ హైబ్రిడ్ అంటున్నారట.
తేడా ఒక్కటే. మాకు బ్యాటరీలో దాచుకునే వీలు లేదు. దిగుడులో డైనమిక్ బ్రేకు వేస్తే మోటార్లే జనరేటర్లయి బోలెడు కరెంటు పుట్టించేవి. దాన్ని ఏం చేసుకోవాలి? ఇంజను పైన రెసిస్టర్ గ్రిడ్లలో కాల్చేసి, ఫ్యాన్‌తో ఆకాశంలోకి ఊదేసేవాళ్ళం. ఎన్ని యూనిట్లు ఊదేశానో నా సర్వీసులో! తర్వాత డబ్ల్యూఏజీ-9 లాంటి ఎలక్ట్రిక్ ఇంజన్లు వచ్చాక అదే కరెంటు పైన తీగలోకి తిరిగి పోతోంది. దిగే గూడ్సు పుట్టించిన కరెంటుని ఎక్కే గూడ్సు తినొచ్చు.

విజినగరం_వర్క్‌షాపు
తాతగారూ దండం. రోజూ కార్లు విప్పేవాణ్ణి, నాకే ఇలా ఎవరూ చెప్పలేదు.
మీరు చెప్పినదాన్నే నిస్సాన్ వాళ్ళు జపాన్‌లో 2016లో నోట్ కారులో పెట్టారు, ఈ-పవర్ అని. ఇంజను కరెంటు పుట్టించడానికే, చక్రాలతో దానికి పని లేదు. ఊళ్ళో బ్రహ్మాండంగా ఉంటుంది. హైవేలో మాత్రం కదలికని కరెంటు చేసి, కరెంటుని మళ్ళీ కదలిక చేయడంలో రెండు చోట్ల కొంత కొంత పోతుంది. ఇంజను నేరుగా చక్రం తిప్పితే ఆ నష్టం ఉండదు.
అందుకే హోండా సిటీ హైబ్రిడ్‌లో ఒక క్లచ్చు పెట్టారు. ఊళ్ళో తాతగారి రైలులా నడుస్తుంది, హైవే వేగం అందుకోగానే క్లచ్చు పడి ఇంజను నేరుగా చక్రాలకి తగులుకుంటుంది. టయోటా దారి ఇంకొకటి. 1997లో ప్రియస్‌తో మొదలుపెట్టినప్పటి నుంచి ప్లానెటరీ గేర్లతో ఇంజన్నీ రెండు మోటార్లనీ కలిపి కట్టేశారు. ఎవరి బలం ఎంత వాడాలో కంప్యూటరు క్షణక్షణం తేల్చుకుంటుంది. నా చేతిమీదుగా వెళ్ళిన బండ్లలో ఆ గేరుబాక్సు పాడై వచ్చినది నేను చూడలేదు. క్లచ్ ప్లేటే లేదు, అరగడానికి ఏముంది?

ఏపీ30_పాతనంబరు
మరి ప్లగ్-ఇన్?

విజినగరం_వర్క్‌షాపు
అది గోడ ప్లగ్గు నుంచి కూడా ఛార్జ్ చేసుకునే హైబ్రిడ్. ఆయన బడ్జెట్‌లో లేదు, వదిలేయండి.

ఘాట్‌రోడ్డు_గిరి
ఎస్.కోట నుంచి అరకు వారం వారం వెళ్తాను, ఈవీలో. తాతగారి దిగుడు ముచ్చట చదివాక నా లెక్క చెప్పాలనిపించింది.
మనుషులతో కలిపి బండి 1700 కిలోలు. తొమ్మిది వందల మీటర్లు ఎక్కించడానికి అదనంగా కావలసింది సుమారు నాలుగు యూనిట్లు. ఇది భౌతికశాస్త్రం, ఏ కంపెనీ అయినా అంతే. దిగేటప్పుడు అందులో రెండున్నర దాకా వెనక్కొస్తుంది. కొండ మీద 40 శాతం చూపించిన బ్యాటరీ కిందికొచ్చేసరికి 45 చూపిస్తే మొదటిసారి మా ఆవిడ మీటరు చెడిపోయిందంది.
ఒక జాగ్రత్త. కొండ మీద వంద శాతం ఛార్జ్ చేసి దిగకూడదు. నిండిన కుండలో నీళ్ళు పట్టవు, బ్రేకుతో కరెంటు వెనక్కి తీసుకునే రీజెన్ పనిచేయదు. అప్పుడు భారమంతా బ్రేకు ప్యాడ్ల మీదే.
హైబ్రిడ్‌కి ఈ చిక్కు ఇంకా ముందే వస్తుంది. ముప్పాతిక యూనిట్ బ్యాటరీ కదా, రెండొందల మీటర్లు దిగేసరికి నిండిపోతుంది. ఆ తర్వాత ఇంజన్ని ఊరికే తిప్పుతూ దాంతో బ్రేకు వేయించుకుంటుంది. మిత్రుడి బండిలో దిగుతుంటే ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది, భయపడ్డాను. పాడవలేదు, దాని పద్ధతే అది.

లోకో_తాత
అదే నాయనా, మా రెసిస్టర్ గ్రిడ్డు. పేరు మారింది.

కారుపిచ్చి_కళింగ
ఇన్ని తంటాలెందుకు, హైడ్రోజన్ రానివ్వండి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు కదా. మన పక్కనే. ఐదు నిమిషాల్లో నింపుకుని పోవచ్చు.

ఏపీ30_పాతనంబరు
హబ్ ఎరువులకీ, ఉక్కుకీ, ఎగుమతికీ పనికొస్తుంది, కాదనను. కారుకి వద్దు. వంద యూనిట్ల కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ వాయువుని ఒత్తిడితో కుక్కి, కారులో మళ్ళీ కరెంటు చేస్తే చక్రం దాకా చేరేది మూడో వంతు. అదే కరెంటుని నేరుగా బ్యాటరీలో పోస్తే ముప్పాతిక పైన చేరుతుంది. 2022లో కేంద్ర మంత్రి గడ్కరీ గారు టయోటా హైడ్రోజన్ కారు మిరాయ్‌లో పార్లమెంటుకి వెళ్ళారు, ఫొటోలు బాగా వచ్చాయి. మన హైవే మీద హైడ్రోజన్ బంకు ఎక్కడుందో చెప్పు, టీ నేను పోయిస్తాను.

కారుపిచ్చి_కళింగ
సరే, బ్యాటరీ మార్చేసుకునే పద్ధతో? గ్యాస్ బండలా ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవడం.

విజినగరం_వర్క్‌షాపు
ఆటోలకి, స్కూటర్లకి నడుస్తోంది, చేత్తో ఎత్తగలం కాబట్టి. కారు బ్యాటరీ మూడు నాలుగు వందల కిలోలు. ఇజ్రాయెల్‌లో బెటర్ ప్లేస్ అని ఒక కంపెనీ కార్లకి పెట్టి 2013లో దివాలా తీసింది. చైనాలో నియో వాళ్ళు నడుపుతున్నారు. గ్యాస్ బండ అన్ని ఇళ్ళకీ ఒకే కొలత. కారు బ్యాటరీ ఏ కంపెనీకి ఆ కంపెనీది, అక్కడే ముడి.

పైడిభీమవరం_షిఫ్ట్
అందరూ బాగా చెప్పారు గాని నా ప్లగ్గు సంగతి ఎవరూ తేల్చలేదు. ఇంట్లో వీలవకపోతే బయట ఫాస్ట్ చార్జర్ల మీదే బతకొచ్చా?

రణస్థలం_రాత్రిబండి
నేను ఏడాదిగా అలాగే బతుకుతున్నాను, వద్దని చెప్తున్నాను. యూనిట్ 22 దాకా పడుతుంది. మొన్న ఒక హోటల్ దగ్గర రెండు ఛార్జింగ్ గన్నుల్లో ఒకటి పనిచేయలేదు, రెండో దానికి టాక్సీ తగిలించి డ్రైవరు భోజనానికి వెళ్ళాడు. అతను తిన్నది బిర్యానీ, నేను తిన్నది నలభై నిమిషాలు. నైట్ షిఫ్ట్ దిగి నిద్రకళ్ళతో అక్కడ కూర్చోవడం నరకం.

ఏపీ30_పాతనంబరు
@పైడిభీమవరం_షిఫ్ట్, ఆయన చెప్పిన రేటుతోనే మీకు లెక్క వేస్తాను. కిలోమీటరుకి 140 వాట్ అవర్ తింటుందనుకుంటే 1750 కిలోమీటర్లకి సుమారు 245 యూనిట్లు. ఫాస్ట్ చార్జర్‌లో 22 చొప్పున ఐదున్నర వేలు. ఇంట్లో ఛార్జింగ్ నష్టం కూడా కలిపి 270 యూనిట్లు అనుకోండి. ఇంటి మీటరుకే కలిపితే శ్లాబు పైకెక్కి యూనిట్ తొమ్మిది రూపాయలు దాటుతుంది, అయినా రెండున్నర వేలే. 18 ఇచ్చే పెట్రోలు బండికి పది వేల ఆరు వందలు, హైబ్రిడ్‌కి తొమ్మిది వేల పైన.
ప్లగ్గు ఉంటే ఈవీకి సాటి లేదు. లేకపోతే ఆ తేడాలో మూడో వంతు పైనే ఫాస్ట్ చార్జరు వాడు తినేస్తాడు, మిగతాది మీ నిద్ర తినేస్తుంది.

నాగావళి_ఒడ్డున
చూశారా, ప్లగ్గు లేకపోతే హైబ్రిడ్డే అని నేను మొదటే అన్నాను.

ఏపీ30_పాతనంబరు
ప్లగ్గు లేకపోతే మామూలు పెట్రోలు బండి అని నేనంటున్నాను. పైగా పన్ను చూడండి. జీఎస్టీ రేట్లు మారిన 2025 సెప్టెంబర్ 22 తర్వాత కూడా ఈవీకి 5 శాతమే, నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కి 40.

బొబ్బిలి_బంగారం
ఆఫీసులో ప్లగ్గు అడగొచ్చు కదా, ఎనిమిది గంటలు అక్కడే ఉంటుంది బండి.

పైడిభీమవరం_షిఫ్ట్
లోపలంతా మండే సాల్వెంట్లు. గేటు దాటాక సెల్‌ఫోనే పట్టుకెళ్ళనివ్వరు, ప్లగ్గు మాట ఎత్తితే సేఫ్టీ వాళ్ళు నన్నే బయట పార్క్ చేస్తారు.

విజినగరం_వర్క్‌షాపు
ఓనరు గారి భయాన్ని వెక్కిరించకండి, అందులో సగం న్యాయం ఉంది. మా దగ్గరికి ఒక బండి వచ్చింది. చార్జరు పాడైందని గొడవ. వెళ్ళి చూస్తే చార్జరు బాగానే ఉంది, గోడ మీద ప్లగ్గు కరిగి నల్లగా అయింది. మిక్సీకి వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి రాత్రంతా పదిహేను ఆంప్స్ లాగారు. మిక్సీ ఐదు నిమిషాలు లాగుతుంది, కారు ఐదు గంటలు లాగుతుంది. తీగ వేడెక్కడానికి అదే తేడా.
చేయాల్సింది ఇది. మీటరు దగ్గర నుంచి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించండి. దానికి విడి ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే ఆపేది), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది) పెట్టించండి. మంచి కంపెనీ సాకెట్ వేయించండి, ఎక్స్‌టెన్షన్ జోలికి పోవద్దు. అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. పాత ఇళ్ళలో ఎర్త్ గుంట ఎండిపోయి పేరుకే ఉంటుంది, చాలా చార్జర్లు ఎర్త్ సరిగ్గా లేకపోతే పని మొదలే పెట్టవు. కొత్త గుంట తవ్వించి, పైపు దింపి, ఉప్పు, బొగ్గు వేయించండి. ఎండాకాలంలో వారానికో బకెట్ నీళ్ళు పోయండి. ఒక సబ్ మీటరు పెట్టిస్తే ఎవరి బిల్లు వారిదే.
మీ 70 కిలోమీటర్లకి రోజుకి పదకొండు యూనిట్లు, అంటే మూడున్నర గంటలు. రాత్రంతా కాదు. ఓనరుకి ఈ మాట చెప్పండి.

సోంపేట_మాస్టారు
బ్యాటరీ అంటుకుంటుందని కూడా భయపడుతుంటారు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఉన్న బండి చూడండి. బరువు కాస్త ఎక్కువ, కాని వేడికి తొందరగా లొంగదు, రోజూ వంద దాకా నింపినా పెద్దగా నొచ్చుకోదు. మా అబ్బాయి బండి ఒకసారి ఆగిపోతే పెద్ద బ్యాటరీ పోయిందని ఇంట్లో ఏడుపు ఒకటే తక్కువ. తీరా చూస్తే పోయింది మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది లేకపోతే రిమోట్‌తో కారు తలుపు కూడా తెరుచుకోదు.

ఆమదాలవలస_చెరుకు
ఇంట్లో అందరూ ఉన్నా అమ్మమ్మ లేకపోతే అన్నం ఉడకనట్టు.

పైడిభీమవరం_షిఫ్ట్
మూడు వారాల తర్వాత వస్తున్నాను. వర్క్‌షాపు గారి పోస్టు మొత్తం ఓనరు గారికి చదివి వినిపించాను. కరిగిన ప్లగ్గు దగ్గర "నేను చెప్పలా?" అన్నారు. మూడున్నర గంటలే అన్నాక కళ్ళజోడు తీశారు. ఎర్తింగ్ దగ్గర మెత్తబడ్డారు, ఎందుకంటే వాళ్ళ గీజరు ముట్టుకుంటే చాన్నాళ్ళుగా చిన్న షాక్ కొడుతోందట! "గుంట నీ ఖర్చు మీద తవ్విస్తే, నా ఇంటికీ దాన్నే కలపాలి" అన్నారు. ఒప్పుకున్నాను. సబ్ మీటరుకీ ఒప్పుకున్నారు. మనవరాలి స్కూటరు కూడా ఆ ప్లగ్గుకే పెడతారట, ఆ యూనిట్లు విడిగా రాసుకోమన్నారు. నేనే రాయాలి.
కారు ఇంకా బుక్ చేయలేదు. గుంట మాత్రం నిన్న తవ్వించాను.

నాగావళి_ఒడ్డున
హైబ్రిడ్ అయితే ఈపాటికి పది సార్లు విశాఖపట్నం వెళ్ళొచ్చేవారు.

విజినగరం_వర్క్‌షాపు
బొగ్గు పొర, ఉప్పు పొర ఒకదాని మీద ఒకటి వేశాడా, లేక అంతా కలిపి పోసేశాడా? ఫొటో పెట్టండి.